మూర్ఛ వెనుక దాగిన మెదడు శోథ

అపస్మారం అనే పేరులోనే ఆ వ్యాధి లక్షణం ఇమిడి ఉన్నది. స్మృతి తొలగిపోవడమే అపస్మారం. లోకంలో దీనిని మూర్ఛ అనీ, ఫిట్స్ అనీ, పాతకాలపు వాడుకలో కాకిసొమ్మ అనీ అంటారు. చరక సంహితలో నిదానస్థానం చివరి అధ్యాయం, అంటే ఎనిమిదవది, ఈ వ్యాధి కారణాలను వివరిస్తుంది. చికిత్సాస్థానం పదవ అధ్యాయం దీని చికిత్సను చెబుతుంది. వాతజ, పిత్తజ, కఫజ, సన్నిపాతజ భేదాలతో ఇది నాలుగు విధాలని ఆచార్యుల నిర్ణయం.

ఆ నిదానాధ్యాయం చివర చరకుడు చెప్పిన ఒక సూక్ష్మ విషయం పాఠకులు తప్పక తెలుసుకోదగినది. ఒక వ్యాధి మరొక వ్యాధికి కారణం కాగలదు. జ్వర సంతాపం వల్ల రక్తపిత్తం పుట్టడం దీనికి ఆయన ఇచ్చిన ఉదాహరణ. ఇట్లా కారణంగా నిలిచే వ్యాధిని నిదానార్థకర రోగం అంటారు. ఇటువంటి రోగం ఒక్కొక్కప్పుడు రెండవ వ్యాధిని పుట్టించి తాను శమిస్తుంది. మరొకప్పుడు తాను శమించక, తాను పుట్టించిన వ్యాధితో పాటు కొనసాగుతుంది. గురుకులంలో ఈ భాగాన్ని మేము వల్లె వేసి కంఠస్థం చేశాము. అపస్మార ప్రకరణంలోనే ఈ మాట ఉండడం ఎంత సముచితమో నేటి వైద్యశాస్త్రం మెదడు శోథను గురించి చెబుతున్న సంగతులు చదివినకొద్దీ స్పష్టమవుతున్నది.

అన్ని మూర్ఛలకూ కారణం ఒకటి కాదు. కొందరికి వంశానుగతంగా వస్తుంది. కొందరికి తల దెబ్బ, పక్షవాతం, పుట్టుకలో ప్రాణవాయువు అందకపోవడం కారణమవుతాయి. మరికొందరికి మెదడులో శోథ, అంటే వాపుతో కూడిన తాపం, మూలమవుతుంది. అంతర్జాతీయ మూర్ఛవ్యాధి నివారణ సంఘం 2017లో కారణాలను వర్గీకరించినప్పుడు అంటువ్యాధులకు ఒక స్థానమూ, శరీర రక్షణవ్యవస్థ తన మీద తానే తిరగబడే వ్యాధులకు మరొక స్థానమూ ఇచ్చింది. ఈ రెండు ద్వారాల నుండీ మెదడులోకి ప్రవేశించేది శోథయే. దీనిని సకాలంలో గుర్తిస్తే కొన్ని మూర్ఛలను మూలంలోనే అరికట్టవచ్చును.

వేడి చేసి వచ్చిందా?

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతాలలో ఏప్రిల్ నుండి జూన్ వరకు మామిడి తప్ప మరొక మాట ఉండదు. ఆ రోజులలో ఏ పిల్లవాడికైనా జ్వరం వచ్చి, కాళ్లు చేతులు కొట్టుకుంటే, "రసాలు ఎక్కువ తిన్నాడండీ, వేడి చేసింది" అని పెద్దలు తీసుకొని వస్తారు. పండు మితిమీరి తింటే విరేచనాలు కావచ్చు, సెగగడ్డలు లేచాయని కొందరు చెప్పవచ్చు. బంగినపల్లి గాని, చిన్నరసం గాని మూర్ఛను పుట్టించవు. ఈ నింద పండు మీద మోపడం వల్ల నష్టం పండుకు కాదు. మజ్జిగ పట్టించి, తలకు ఆముదం పెట్టి, "చల్లబడుతుందిలే" అని ఇంట్లో కూర్చున్న ఆ పూటలో అసలు వ్యాధి ముదురుతుంది.

ఆరు నెలలు నిండిన నాటి నుండి అయిదేళ్ల లోపు పిల్లలలో నూటికి ఇద్దరు మొదలు అయిదుగురి వరకు జ్వరం తీవ్రతలో ఒకసారి కొట్టుకుంటారు. ఎక్కువమందికి ఇది కొద్ది నిమిషాలలో ఆగిపోతుంది, ఏ హానీ మిగల్చదు. అయితే జ్వరంతో పాటు మత్తుగా పడి ఉండడం, మెడ బిగుసుకోవడం, ఆగని వాంతులు, మాట తడబడడం, ఒకే రోజు మళ్లీ మళ్లీ కొట్టుకోవడం, పసిబిడ్డకు మాడు ఉబ్బడం వంటి లక్షణాలు ఉంటే అది మెదడువాపు కావచ్చు. అప్పుడు వైద్యుడు ఆయుర్వేదమా, అల్లోపతియా అని ఆలోచించే సమయం లేదు. 108 వాహనాన్ని పిలిచి, పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను.

శోథ అంటే ఏమిటి?

చేయి కాలినప్పుడు ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పి పెడుతుంది. శత్రువును తరిమి, గాయాన్ని మాన్పడానికి శరీరం చేసే ప్రయత్నమే ఇది. మెదడులో కూడా ఇదే జరుగుతుంది. అక్కడ మైక్రోగ్లియా అనే కావలి కణాలున్నాయి. రోగక్రిమి గాని, గాయం గాని కనిపించగానే అవి మేల్కొని ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి రసాయన దూతలను వెదజల్లుతాయి. ఈ దూతల ప్రభావంతో నాడీకణాలలోకి కాల్షియం అధికంగా ప్రవేశించి, అవి చిన్న ప్రేరణకే ఉద్రేకపడతాయి. రక్తానికీ మెదడుకూ నడుమ ఉన్న రక్షణ పొర సడలి, రక్తంలోని ఆల్బుమిన్ మెదడులోకి ఊరుతుంది. దానివల్ల ఆస్ట్రోసైట్లు అనే పోషక కణాలు తమ పని సరిగా చేయలేక, నాడీకణాల చుట్టూ పొటాషియం పేరుకుంటుంది. ఇది నాడీకణాల ఉద్రేకాన్ని మరింత పెంచుతుంది. వేల కణాలు ఒక్కసారిగా విద్యుత్ ప్రేరణలను వెలువరించినప్పుడు మూర్ఛ వస్తుంది.

ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. శోథ మూర్ఛను పుట్టించినట్లే మూర్ఛ కూడా శోథను పుట్టిస్తుంది. ఇటలీలోని మిలాన్ నగరంలో మారియో నెగ్రి పరిశోధన సంస్థకు చెందిన అన్నమరియా వెజ్జానీ బృందం 1999లో ఎలుకలపై చేసిన ప్రయోగాలలో, మూర్ఛల తరువాత మెదడులో ఇంటర్‌ల్యూకిన్-1 బీటా పెరుగుతుందనీ, ఆ పదార్థమే తిరిగి మూర్ఛలను దీర్ఘం చేస్తుందనీ తేలింది. గింజ నుండి చెట్టు, చెట్టు నుండి గింజ అన్నట్లు ఒకదానికొకటి కారణమవుతూ ఉంటాయి. ఎక్కువసేపు ఆగని మూర్ఛను త్వరగా ఆపాలని వైద్యులు తొందరపడడానికి ఉన్న కారణాలలో ఇదీ ఒకటి.

శమించినా గుర్తు వదలిన శోథ

మొదటి తరగతి, మూర్ఛను పుట్టించి తాను శమించే శోథ. జపనీస్ మెదడువాపు ఇందుకు ఉదాహరణ. మనదేశంలో ఈ వ్యాధిని 1955లో వేలూరు ప్రాంతంలో మొదట గుర్తించారు. వరిపొలాల నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ పందుల నుండి, కొంగజాతి పక్షుల నుండి వైరస్‌ను మనుషులకు చేరుస్తుంది. 1999లో ఆంధ్రప్రదేశ్ ఈ వ్యాధి విజృంభణను చవిచూసింది.

2003 జూన్ నుండి ఆగస్టు వరకు మన రాష్ట్రంలో మరొక ఉపద్రవం వచ్చింది. 329 మంది పిల్లలు వ్యాధిపాలై, వారిలో 183 మంది మరణించారు. జ్వరం, వాంతులు, మూర్ఛ, స్పృహ తప్పడం ఒకదాని వెంట ఒకటిగా, ఒకటి రెండు రోజులలోనే జరిగిపోయాయి. దీనికి కారణమైనది 1965లో నాగపూర్ సమీపంలోని చాందీపుర గ్రామంలో బయటపడిన వైరస్ అని పరిశోధకులు తేల్చారు. మట్టిగోడల పగుళ్లలో నివసించే ఇసుక ఈగ దీనిని వ్యాపింపజేస్తుంది. ఇదే వ్యాధి 2024లో గుజరాత్‌లో మళ్లీ తలెత్తింది. కోతలు ముగిసి తొలకరి వచ్చే రోజులే దీనికి అనుకూలమని తోటల్లో గుడిసెలు వేసుకొని ఉండే కూలీల కుటుంబాలకు ఎవరైనా చెప్పవలెను.

మెదడువాపు నుండి బ్రతికి బయటపడినవారిలో వైరస్ పోయినా, మెదడులో మచ్చ మిగలవచ్చు. ఆ మచ్చ నెలల తరువాత, కొన్నిసార్లు సంవత్సరాల తరువాత మూర్ఛకు స్థానమవుతుంది. అమెరికాలోని రోచెస్టర్ పట్టణంలో జరిగిన అధ్యయనం ఫలితాలు 1988లో వెలువడ్డాయి. వైరస్ మెదడువాపు సమయంలో మూర్ఛ కూడా వచ్చినవారిలో 22 శాతం మందికి, రానివారిలో 10 శాతం మందికి ఇరవై సంవత్సరాల లోపు మూర్ఛవ్యాధి ఏర్పడవచ్చునని వారు లెక్క కట్టారు. కావున చిన్ననాడు మెదడువాపు వచ్చి తగ్గిన సంగతిని తల్లిదండ్రులు మరువరాదు. పదేళ్ల తరువాత వైద్యుని వద్దకు వెళ్లినా ఆ కాగితాలు వెంట ఉండవలెను.

టీకా వల్ల జపనీస్ మెదడువాపును నివారించవచ్చు. ఈ వ్యాధి ప్రబలే జిల్లాలలో తొమ్మిది నెలల వయసులో ఒకటి, పదహారు నుండి ఇరవై నాలుగు నెలల మధ్య మరొకటి ప్రభుత్వమే వేయిస్తుంది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ 2013లో దీనికి ఒక స్వదేశీ టీకాను కూడా విడుదల చేసింది. ఏ కషాయమూ టీకాకు ప్రత్యామ్నాయం కాదు.

మెదడులో పురుగు: శాకాహారులకు కూడా

శోథకూ మూర్ఛకూ ఉన్న సంబంధం కళ్లకు కట్టినట్లు కనిపించేది బద్దెపురుగు వల్ల వచ్చే సిస్టిసెర్కోసిస్ అనే వ్యాధిలో. పరీక్షలో ఈ మాట చెప్పగానే, "మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టమండీ, మా పిల్లకు పందిపురుగు ఎట్లా వస్తుంది?" అని కుటుంబాలు నిర్ఘాంతపోవడం నేను అనేకసార్లు చూశాను. ఈ సందేహాన్ని వివరంగా తీర్చవలసి ఉన్నది.

సరిగా ఉడకని పందిమాంసం తిన్నవాడి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. అది మెదడుకు పోదు. అయితే ఆ మనిషి మలంలో కంటికి కనిపించని పురుగు గుడ్లు బయటకు వస్తాయి. ఆ గుడ్లు మట్టి ద్వారా, మురుగునీటి ద్వారా కూరగాయల మీదికి, శుభ్రంగా కడుక్కోని చేతుల ద్వారా వంటకాలలోకి చేరతాయి. వాటిని మింగినవాడు మాంసాహారియా, శాకాహారియా అన్న భేదం లేదు. కడుపులో గుడ్డు పగిలి, పిల్లపురుగు రక్తంలో ప్రయాణించి, మెదడులో చిన్న తిత్తి కట్టుకొని కూర్చుంటుంది.

బ్రతికి ఉన్నంతకాలం ఈ పురుగు శరీరపు రక్షణవ్యవస్థను ఏమార్చి, కొన్నేళ్లపాటు నిశ్శబ్దంగా ఉండగలదు. అది చచ్చిపోతున్నప్పుడు మెదడు దానిని శత్రువుగా గుర్తిస్తుంది. తిత్తి చుట్టూ శోథ రగులుతుంది, ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒకనాడు హఠాత్తుగా మూర్ఛపోతాడు. మూర్ఛను తెచ్చినది పురుగు ఉనికి కంటే, దాని మరణం మీద మెదడు చేసిన యుద్ధం అని చెప్పవచ్చు. ఈ వ్యాధి ప్రబలంగా ఉన్న ప్రాంతాలలో మూర్ఛవ్యాధిగ్రస్తులలో సుమారు 30 శాతం మందికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఒకప్పుడు మనదేశంలో సీటీ స్కాన్‌లో ఈ చిన్న గుండ్రటి మచ్చ కనిపిస్తే క్షయగడ్డగా భావించి, నెలల తరబడి క్షయ మందులు ఇచ్చేవారు. తెలుగువారు కూడా పెద్దసంఖ్యలో వెళ్లే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు ఆ మచ్చలను బయటకు తీసి పరీక్షించి, వాటిలో చాలావరకు సిస్టిసెర్కస్ పురుగులేనని నిరూపించారు. ఆ ఫలితాలు 1989లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. అప్పటినుండి చికిత్స మారిపోయింది. నేడు మూర్ఛను ఆపే మందులతో పాటు, అవసరాన్ని బట్టి ఆల్బెండజోల్, శోథను అణచే స్టెరాయిడ్లు వైద్యుల పర్యవేక్షణలో ఇస్తారు. చాలామందిలో ఆ మచ్చ కొన్ని నెలలలో కరిగిపోతుంది. పూర్తిగా కరిగినవారికి మూర్ఛ మందులను వైద్యుని నిర్ణయం మేరకు క్రమంగా మాన్పించవచ్చు. సున్నపు చుక్కగా గట్టిపడినవారికి ఎక్కువకాలం అవసరం, ఎందుకంటే ఆ చుక్క చుట్టూ శోథ మళ్లీ తలెత్తవచ్చు.

ఒక హెచ్చరిక. పురుగే కదా అని ఇంట్లో నులిపురుగుల మాత్రలు తెచ్చి వేయరాదు. మెదడులోని పురుగులు ఒక్కసారిగా చస్తే శోథ ఉవ్వెత్తున లేచి ప్రాణాపాయం కలగవచ్చు. కంటిలో తిత్తులున్నాయేమో కూడా ముందుగా చూడవలెను. మన వాయువిడంగాలు పేగులోని క్రిములకు మంచివే గాని, మెదడులోని తిత్తికి మందు కాదు. క్రిమిజ శిరోరోగమని చరకుడు ఒక వ్యాధిని చెప్పిన మాట నిజమే. అంతమాత్రాన ఈ పురుగును ఆనాడే చూశారని నేను అనను.

నివారణ మాత్రం గృహిణి చేతిలో ఉన్నది. మన ఇళ్లలో ఆవకాయ పెట్టేటప్పుడు కాయను కడిగి, తుడిచి, ఆరబెట్టి, తడి చేయి జాడీ దరికి రానివ్వరు. ఆ శ్రద్ధలో సగం పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్, ఉల్లికాడల మీద పెడితే చాలును. వీటిని పారే నీటిలో రెండు మూడు మార్లు కడగవలెను. వంటకు ముందు, మరుగుదొడ్డి వాడిన తరువాత ఇంట్లో అందరూ, వంటమనిషితో సహా, సబ్బుతో చేతులు కడుక్కోవలెను. ఇంట్లో ఒకరికి ఈ వ్యాధి వస్తే, తక్కినవారికి, వంట చేసేవారికి మలపరీక్ష చేయించడం మంచిది. అది అవమానం కాదు. పేగులో పురుగు ఉంటే చికిత్స చాలా సులభం.

శమించని శోథ

రెండవ తరగతి, తాను శమించక మూర్ఛతో పాటే కొనసాగే శోథ. ఇక్కడ బయటి శత్రువు కనిపించడు. శరీర రక్షణవ్యవస్థ పొరపడి సొంత మెదడు మీదనే దాడి చేస్తుంది. కెనడాలోని మాంట్రియల్ నగరంలో థియోడర్ రాస్ముసెన్ అనే శస్త్రవైద్యుడు 1958లో పిల్లలలో కనిపించే ఒక వ్యాధిని వర్ణించాడు. అందులో మెదడు ఒక అర్ధభాగం దీర్ఘకాలిక శోథతో క్షీణిస్తూ, ఆగని మూర్ఛలు వస్తాయి. ఇది చాలా అరుదు.

అంతకంటే ఎక్కువగా కనిపించే మరొక వ్యాధిని జోసెప్ డాల్మౌ బృందం 2007లో వివరించింది. నాడీకణాల మీది ఎన్ఎండీఏ గ్రాహకాలపై శరీరమే ప్రతిరక్షకాలను తయారు చేయడం దీనికి మూలం. ఇది యువతులలో అధికం. కొందరిలో అండాశయంలోని గడ్డ దీనిని ప్రేరేపిస్తుంది. చక్కగా చదువుకుంటున్న పిల్ల కొద్ది రోజులలో వింతగా మాట్లాడడం, నిద్రపోకపోవడం, భయపడడం, నోరు చేతులు వంకర్లు తిప్పడం, ఆపై మూర్ఛపోవడం జరుగుతుంది. ఇటువంటి పిల్లను చూసి గాలి సోకిందని భూతవైద్యుని వద్దకు తీసుకుపోయి వారాల కాలం వృథా చేస్తారు. వెన్నునీటి పరీక్షతో దీనిని గుర్తించి, స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ వంటి చికిత్సలు త్వరగా మొదలుపెడితే చాలామంది కోలుకుంటారు. ఈ వ్యాధిలో మూర్ఛ మాత్రలు మాత్రమే ఇస్తే ఫలితం తక్కువ. శోథను అణచినప్పుడే మూర్ఛ లొంగుతుంది.

మూర్ఛలన్నీ మూర్ఛవ్యాధి కాదనే సంగతి కూడా మన జిల్లావాసులకు కొత్త కాదు. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణంలో అయిదువందల మందికి పైగా ఉన్నట్లుండి మూర్ఛపోయి పడిపోయారు. చాలామంది త్వరగానే తేరుకొని ఇళ్లకు వెళ్లారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలలో తేలింది, పురుగుమందుల అవశేషాల మీద కూడా నిపుణులు దృష్టి సారించారు. అక్కడ మూర్ఛ విషలక్షణంగా వచ్చిందే గాని దీర్ఘవ్యాధిగా కాదు. మొదటి మూర్ఛ వచ్చినప్పుడు కారణాన్ని వెదకడం ఇందుకే అత్యవసరం.

మన ఔషధాల స్థానం

"ఇంగ్లీషు మాత్రలు మానేసి మీ మందు వాడవచ్చా?" అన్నది నేను తరచు వినే ప్రశ్న. వాడరాదు. మూర్ఛను ఆపే మాత్రలను హఠాత్తుగా మానితే, ఎడతెగని మూర్ఛ వచ్చి ప్రాణం పోవచ్చు. సరైన మందులు క్రమం తప్పక వాడితే ప్రతి పదిమందిలో ఏడుగురి వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇంతటి ఫలితాన్ని జారవిడుచుకోవడం వివేకం కాదు.

శాస్త్రంలో పంచగవ్య ఘృతం, బ్రాహ్మీ ఘృతం వంటివి అపస్మారానికి చెప్పబడినాయి. నేను వీటిని ఆ మాత్రలతో పాటు, నాడీవైద్యునికి తెలియజేసి, రోగి అగ్నిబలాన్ని బట్టి మాత్రమే ఇస్తాను. మలబద్ధం, నిద్రలేమి, మందగించిన జ్ఞాపకశక్తి విషయంలో ఉపయోగపడతాయని నా అనుభవం. మూర్ఛను ఇవి మాత్రమే నయం చేస్తాయని చెప్పను. పసుపులో శోథను తగ్గించే గుణమున్నదని జంతువులపై ప్రయోగాలు చెబుతున్నాయి. కూరలో వేసుకునే పసుపు అందరికీ మంచిదే. అయితే పసుపు గోళీలతో మూర్ఛ కుదురుతుందనడానికి మనుషులలో తగిన నిరూపణ లేదు.

మూలికలు గనుక హాని లేదనుకోవడం మరొక భ్రమ. జ్ఞాపకశక్తికి మంచిదని ఇళ్లలో శంఖపుష్పి పాకం పిల్లలకు తాగిస్తారు. ఫెనిటాయిన్ మాత్ర వాడుతున్నవారిలో శంఖపుష్పి పాకం ఆ మందు రక్తంలో ఉండే పాళ్లను తగ్గిస్తుందనీ, అదుపులో ఉన్న మూర్ఛ తిరగబెట్టిందనీ 1992లోనే ఒక పరిశోధనాపత్రం ప్రకటించింది. మిరియాలలోని పైపరిన్ ఇదే ఫెనిటాయిన్ పాళ్లను పెంచుతుంది. చారులో వేసే మిరియాలకు భయపడనక్కరలేదు గాని, త్రికటు చూర్ణాన్ని నెలల తరబడి చెప్పకుండా వాడరాదు. ఇక పేరు, పాళ్లు వ్రాయని పొడుల పొట్లాలు అత్యంత ప్రమాదకరమైనవి. ఆయుర్వేదమని చెప్పి అమ్మిన కొన్ని పొడులలో ఫినోబార్బిటాన్ కలిపి ఉన్నట్లు పరీక్షలలో బయటపడింది. పొడి వాడినంతకాలం గుణం కనిపించి, మానగానే మూర్ఛ విరుచుకుపడడానికి ఇదే కారణం. శుద్ధి సరిగా జరగని లోహభస్మాలలో సీసం ఉంటే, ఆ సీసమే మూర్ఛకు కారణమవుతుంది.

తోటలో, ఇంట్లో జాగ్రత్తలు

రెండేళ్ల క్రితం కోతల కాలంలో ఒక యువకుడిని భుజం విరిగిన స్థితిలో తీసుకొని వచ్చారు. మెదడులోని తిత్తికి చికిత్స పొంది, ఏడాదిగా మూర్ఛ లేకుండా ఉన్నవాడు. పెళ్లిచూపులకు వచ్చినవారికి మాత్రలు కనబడరాదని ఇంట్లోవారు మాన్పించారు. లారీ నింపే హడావుడిలో రెండు రాత్రులు నిద్ర లేదు. మూడవనాడు చెట్టుమీద ఉండగా మూర్ఛ వచ్చింది. కొమ్మ ఎత్తు తక్కువ గనుక ప్రాణం దక్కింది. నీరు, నిప్పు, చెట్లు, కొండలు, ఎగుడుదిగుడు నేలల నుండి అపస్మార రోగిని ఎల్లప్పుడూ కాపాడవలెనని, అవి తక్షణం ప్రాణాలు తీయగలవని చరకుడు ప్రత్యేకంగా హెచ్చరించాడు. చెట్లు అన్న మాట మామిడి సీమలో ఎంత నిజమో చెప్పనక్కరలేదు.

కావున మూర్ఛ ఉన్నవారు చెట్టెక్కరాదు. నేలమీద నిలబడి చిక్కం కట్టిన గడతో కోయవచ్చు, కాయలు ఏరవచ్చు, గ్రేడింగు చేయవచ్చు, లెక్కలు వ్రాయవచ్చు. గట్టులేని బావి వద్దకు, చెరువు స్నానానికి ఒంటరిగా వెళ్లరాదు. పొయ్యి వద్ద మరొకరు తోడుండవలెను. నిద్ర చెడరాదు, భోజనవేళ తప్పరాదు, కఠిన ఉపవాసాలు, మద్యం పనికిరావు. పాతబియ్యపు అన్నం, పెసరకట్టు, పొట్లకాయ, బూడిదగుమ్మడి కూర, ఆవునెయ్యి, పాలు హితమైన ఆహారం.

మూర్ఛ వచ్చినప్పుడు చేయవలసినవి కొన్నే. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తలకింద మెత్తటి గుడ్డ పెట్టి, మెడ వద్ద బట్ట వదులు చేయండి. ఎంతసేపు ఉన్నదో గడియారం చూడండి. చేతిలో తాళాలు, ఇనుపముక్క పెట్టడం, ఉల్లిపాయ, చెప్పు వాసన చూపడం నిష్ప్రయోజనం. నోటిలో చెంచా గాని, నీళ్లు గాని పెట్టడం అపాయం. అయిదు నిమిషాలు దాటినా, వెంటనే మళ్లీ వచ్చినా ఆసుపత్రికి తరలించండి. వైద్యుడు సూచించి ఉంటే ముక్కులో కొట్టే మిడజోలం మందును ఇంట్లో ఉంచుకొని, చెప్పిన మేరకు వాడండి.

పెళ్లి విషయం దాచడం వల్ల మేలు లేదు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛవ్యాధిని వివాహానికి అడ్డంకిగా చెప్పిన భాగాన్ని 1999 సవరణతో తొలగించారు. చట్టం తొలగించిన అడ్డును మన మనసులు ఇంకా మోయడమే విచారకరం. ముందే చెప్పి, మాత్రలు మానకుండా వివాహం చేసుకొని, ఆరోగ్యవంతులైన బిడ్డలను కన్నవారు ఎందరో ఉన్నారు. అయితే కొన్ని మూర్ఛ మందులు, ముఖ్యంగా వాల్ప్రోయేట్, గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి గనుక, పెళ్లి నిశ్చయమైనప్పుడే వైద్యునితో మాట్లాడి మందు మార్చుకోవడం, ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టడం అవసరం.

మీ ఇంట్లో ఎవరికైనా తొలిసారి మూర్ఛ వస్తే, వైద్యుని మూడు ప్రశ్నలు అడగండి. దీనికి వెనుక ఏ వ్యాధి అయినా ఉన్నదా? అది శమించినదా, ఇంకా రగులుతున్నదా? మందు ఎంతకాలం వాడవలెను? ఆయన ఇచ్చే సమాధానాలను, స్కాన్ కాగితాలతో పాటు ఒక కవరులో భద్రపరచండి. నా వంటి వైద్యుని వద్దకు వచ్చేటప్పుడు కూడా ఆ కవరు వెంట తీసుకొని రండి.